ఆరడుగుల చెక్క

పోయిన డిసెంబర్లో ఊరెళ్తూ రైల్లో ఒక వెధవ పని చేశాను. అది చెప్పుకుంటే గానీ అసలు విషయంలోకి వెళ్ళలేను.

ముందురోజు రాత్రంతా ఆఫీసులో రిలీజ్. తెల్లవారుజామున ఐదింటికి ఇంటికొచ్చి, పదకొండుకి మళ్ళీ కాల్లో కూర్చుని, సాయంత్రం లింగంపల్లిలో గౌతమి ఎక్కేసరికి నా కళ్ళు నా మాట వినడం మానేశాయి. నా బెర్త్ నంబరు 29, అంటే మిడిల్. కింద 28లో ఒక పెద్దాయన, డెబ్భై దాటే ఉంటాయి. సికింద్రాబాద్ దాటింది, ఇంకా పది కాలేదు. "అంకుల్, బెర్త్ ఎత్తేస్తున్నా" అన్నాను. అడగడం కాదది, చెప్పడమే. ఆయన అప్పుడే స్టీలు క్యారేజీ విప్పుతున్నారు. "ఒక్క పావుగంట బాబూ, తినేస్తాను" అన్నారు. "మీరు తినండి, నాకేం ఇబ్బంది లేదు" అని (ఎంత ఉదారంగా చెప్పానో చూడండి!) గొలుసులు తగిలించి, చెవుల్లో ఇయర్ ఫోన్లు పెట్టుకుని పైకెక్కేశాను.

కాసేపటికి ఫోన్ జారి కింద పడింది. వంగి చూస్తే, ఆయన నడుం సగానికి వంచి, మెడ ఓ పక్కకి వాల్చి, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని పెరుగన్నం తింటున్నారు. ఎడంచేత్తో నా ఫోన్ తీసి అందించారు. నవ్వారు కూడా. తిట్టినా బాగుండేది.

అంత అలసటలోనూ నిద్ర పట్టలేదు. రూలు చూద్దాం, నా తప్పేం లేదని తేలుతుందేమో అని ఫోన్లో వెతకడం మొదలెట్టాను. తేలలేదు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకే పడుకునే టైము. 2017 ఆగస్టు ఆఖర్లో రైల్వే బోర్డు ఇచ్చిన ఉత్తర్వు అది. అంతకుముందు తొమ్మిది నుంచి ఆరు ఉండేది. తొమ్మిదింటికే బెర్త్ ఎత్తేసి, పొద్దున్న ఎంతకీ దించని నాలాంటి మహానుభావుల మీద ఫిర్యాదులు రావడం వల్లే మార్చారట. ఒంట్లో బాగాలేనివాళ్ళు, వికలాంగులు, గర్భిణులు పడుకుంటామంటే మాత్రం టైముతో పని లేకుండా తోటివాళ్ళు సహకరించాలి. రిలీజ్ చేసి వచ్చిన సాఫ్ట్‌వేరు వాళ్ళ ప్రస్తావన ఎక్కడా లేదు :)

అసలు ఈ రూలు ఎందుకు కావాల్సొచ్చిందంటే, త్రీ టైర్ లో ఆ ఒక్క చెక్కా పగలు ముగ్గురికి వీపు ఆనించుకునే దన్ను, రాత్రి ఒకరికి మంచం. మా భాషలో చెప్పాలంటే షేర్డ్ రిసోర్స్. అలాంటిదానికి ఒక తాళం ఉండాలి, అది ఎప్పుడు ఎవరి చేతిలో ఉంటుందో అందరికీ ముందే తెలియాలి. లేకపోతే ముందు చెయ్యి వేసినవాడిదే రాజ్యం.

ఆ రాత్రి మొదలైన వెతుకులాట రెండు నెలలు సాగింది. రైల్లో ఒళ్ళు వాల్చుకునే చోటు మనకి ఎప్పటినుంచి ఉంది? నేనైతే రైలుతో పాటే బెర్త్ పుట్టిందనుకునేవాణ్ణి. రైలు పుట్టాక చాలా కాలం, మన దేశంలో టికెట్ కొన్నవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా జనానికి రాత్రి ప్రయాణమంటే తెల్లార్లూ కూర్చోవడమే.

1853లో బోరీబందర్ నుంచి ఠాణాకి నడిచిన మొదటి రైలుకి నిద్రతో పని లేదు. ముప్ఫై నాలుగు కిలోమీటర్లు, అదీ పగటిపూట. లైన్లు పెరిగేకొద్దీ ప్రయాణంలోకి రాత్రి వచ్చి చేరింది. 1870లో బొంబాయి కలకత్తా కలిశాయి. 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనూ, మద్రాసు వైపు నుంచి వెళ్ళిన లైనూ రాయచూరు దగ్గర కలిశాయి. ఇక బొంబాయిలో ఎక్కితే మద్రాసులో దిగేలోగా రెండు రాత్రులు. ఈ రెండు రాత్రులూ ఎవరు ఎలా గడిపారన్నది వాళ్ళ చేతిలో ఉన్న టికెట్ ని బట్టి ఉండేది.

పై తరగతుల వాళ్ళకి వెడల్పాటి మెత్తటి సీట్లు, రాత్రికి అవే పడకలు, పైన దించుకునే ఇంకో బెర్త్. (బెర్త్ అన్న మాటే ఓడల నుంచి వచ్చింది, ఓడలో నావికుడు పడుకునే చోటు.) పరుపు మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. మోసుకొచ్చే నౌకర్ల కోసం పక్కనే వేరే చిన్న గది ఉండేది. మూడో తరగతిలో చెక్క బల్లలు. కూర్చుంటే మనిషి, పడుకుంటే నేరస్తుడు. విచిత్రం ఏంటంటే టికెట్ల డబ్బులో సింహభాగం తెచ్చిపెట్టేది ఈ చెక్క బల్లల జనమే.

ఆ పెట్టెలో రాత్రి ఎలా ఉండేదో తెలియాలంటే గాంధీ 1917లో పత్రికలకి రాసిన ఉత్తరం చదవాలి. మూడో తరగతి ప్రయాణం గురించే రాశారు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి అప్పటికి రెండున్నరేళ్ళు దాటింది, అందులో పావువంతు కాలం మూడో తరగతి రైలు పెట్టెల్లోనే గడిపానంటారాయన. ఆ సెప్టెంబర్లో బొంబాయి నుంచి మద్రాసుకి మెయిల్ ఎక్కారు. టికెట్ పదమూడు రూపాయల చిల్లర. పెట్టె మీద ఇరవై రెండు మందికి అని రాసి ఉంది. ఆ ఇరవై రెండూ కూర్చోవడానికే, క్షేమంగా ఒళ్ళు వాల్చే వీలే లేదు, ముందేమో రెండు రాత్రులు. రాయచూరు వచ్చేసరికి తోపులాట భరించలేనంత అయిందట. రైల్వే సిబ్బంది వస్తే మేలు జరుగుతుందనుకుంటే, వాళ్ళు ఇంకొంతమందిని లోపలికి నెట్టడానికే వచ్చారట. ఒక దశలో ముప్ఫై ఐదు మంది అయ్యారు. కొందరు దుమ్ములో నేల మీద పడుకున్నారు, కొందరు నిలబడే ఉన్నారు. దారంతా ఆ పెట్టె ఒక్కసారి కూడా ఊడవలేదు.

రాయచూరు దాటాక ఆ దారి గుంతకల్లు, కడప, రేణిగుంట మీదుగానే మద్రాసు వెళ్తుంది. అంటే గాంధీ ఆ ఉత్తరంలో వర్ణించిన నిద్రలేని ప్రయాణం చాలా భాగం మన రాయలసీమలో జరిగిందే. మనకి బళ్ళో చెప్పిన గాంధీ రైలు కథ ఒక్కటే, దక్షిణాఫ్రికాలో మొదటి తరగతి నుంచి తోసేసినది. ఈ రెండోది ఎందుకు చెప్పరో నాకర్థం కాదు. మొదటి తరగతి ఛార్జీ మూడో తరగతికి ఐదు రెట్లు పైచిలుకు అని ఆయన లెక్క వేసి, మరి మూడో తరగతివాడికి మొదటి తరగతి సుఖంలో ఐదోవంతు అయినా దక్కుతోందా, కనీసం పదోవంతు? అని అడిగారు. తర్కం చూడండి, జాలి మీద కాదు, ఇచ్చిన డబ్బు మీద.

మా తాతయ్య 1962లో సామర్లకోటలో మద్రాసు మెయిల్ ఎక్కి ఒక ఇంటర్వ్యూకి వెళ్ళారు. గాంధీ ప్రయాణానికీ దానికీ మధ్య నలభై ఐదేళ్ళు, ఒక స్వాతంత్ర్యం. పడుకునే పద్ధతిలో మాత్రం పెద్ద తేడా రాలేదు. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపడం, హోల్డాలు చుట్ట మీద తల పెట్టడం, అది కుదరకపోతే బల్ల కింద న్యూస్ పేపరు పరుచుకుని దూరిపోవడం. ఈయన దూరారు. పొద్దున్న గూడూరు దాటాక లేచి చూస్తే, చొక్కా వీపు మీద పేపరు అచ్చు పడిందట. ఇంటర్వ్యూకి ఆ చొక్కాతోనే వెళ్ళారు. ఉద్యోగం రాలేదు. "వార్తలు చదివి వచ్చినవాణ్ణి చూశారు గానీ వార్తలు తొడుక్కుని వచ్చినవాణ్ణి వాళ్ళు చూసి ఉండరు" అనేవారు.

అప్పటికే మూడో తరగతిలోనూ పడుకునే పెట్టెలు మెల్లగా మొదలయ్యాయి. తాతయ్య చెప్పే టూ టైర్ పెట్టె తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. పైన చెక్క మీద అదనపు డబ్బు కట్టినవాడు కాళ్ళు చాపుకుని పడుకునేవాడు. కింద బల్ల మీద టికెట్ ఉన్నవాళ్ళు తెల్లార్లూ కూర్చునేవాళ్ళు. పైవాడి గురకకి కిందవాళ్ళు శ్రోతలు. త్రీ టైర్ దీనికన్నా ఎంత న్యాయమైనదో ఆలోచించండి. ముగ్గురికీ తలో చెక్క. మిడిల్ బెర్త్ ని అందరూ తిడతాం గానీ, ముగ్గురు కూర్చునే చోట ముగ్గురినీ పడుకోబెట్టాలంటే ఆ మడతబల్ల తప్ప ఇంకో దారి ఉందా?

1974లో మూడో తరగతి అన్న పేరు ఎత్తేశారు. అప్పటినుంచి అది రెండో తరగతి. బోర్డు మారింది, బల్ల మారలేదు. ఆ చెక్క మీద మెత్త పడటానికి ఇంకో మూడేళ్ళు, ఒక ఫిజిక్సు మాస్టారు కావాల్సొచ్చింది.

మధు దండవతే బొంబాయిలో ఫిజిక్సు పాఠాలు చెప్పిన మనిషి. 1977లో జనతా ప్రభుత్వంలో రైల్వే మంత్రి అయ్యారు. ఆయన చేసిన పనుల్లో 1974 సమ్మెలో ఉద్యోగాలు పోయినవాళ్ళని తిరిగి తీసుకోవడం లాంటి పెద్దవి ఉన్నాయి. కానీ కోట్లమంది వీపులకి తెలిసిన పని ఒక్కటే, రెండో తరగతి చెక్క మీద రెండంగుళాల ఫోమ్. అదే ఏడాది డిసెంబర్లో బొంబాయి నుంచి హౌరాకి గీతాంజలి ఎక్స్‌ప్రెస్ మొదలైంది, తరగతులే లేని రైలుగా. ఫస్ట్ క్లాసుని కిందికి దించడం కాదు, సెకండ్ క్లాసుని పైకి లేపడం అన్నది ఆయన ఆలోచన. కొన్నేళ్ళలో ఆ మెత్త దూరప్రయాణపు స్లీపర్లన్నిటిలోకీ పాకింది.

రెండంగుళాలు. మొన్న స్కేలు పెట్టి చూశాను, నా బొటనవేలి పొడుగు కూడా లేదు. మన దేశంలో ప్రభుత్వం చేసిన పనుల్లో రూపాయికి ఇంత ఫలం ఇచ్చింది ఇంకేదైనా ఉందా అంటే నాకు వెంటనే తట్టట్లేదు. దండవతే పేరు మా క్లాసులో ఎవరికీ తెలియదు. రైలు మంత్రి అంటే అందరికీ లాలూయే.

సరే, ఇప్పుడు కొంచెం పనికొచ్చే సంగతులు. పాత ఐసీఎఫ్ స్లీపరు బోగీలో తొమ్మిది గదులు, గదికి ఎనిమిది, మొత్తం 72 బెర్తులు. జర్మన్ డిజైన్ తో వచ్చిన ఎల్‌హెచ్‌బీ బోగీ పొడుగెక్కువ, అందుకని పది గదులు, 80 బెర్తులు. రెండిట్లోనూ స్లీపరు లెక్క ఒకటే. మీ నంబరుని ఎనిమిదితో భాగించండి. శేషం 1 గానీ 4 గానీ వస్తే లోయర్, 2 గానీ 5 గానీ అయితే మిడిల్, 3 లేదా 6 అయితే అప్పర్. 7 వస్తే సైడ్ లోయర్, ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్. మొదటి గదీ చివరి గదీ తలుపులకీ బాత్రూములకీ దగ్గర, రాత్రంతా దడదడ తలుపు చప్పుడూ ఆ వాసనా. మధ్య గదులు మేలు. సైడ్ బెర్తులు కాస్త పొట్టి, ఆరడుగుల వాళ్ళు అటు చూడకండి. సైడ్ లోయర్ రెండు సీట్లు కలిస్తే అయ్యే పడక, నడుం దగ్గర అతుకు గుచ్చుతుంది, మడిచిన దుప్పటి అక్కడ వేసుకోవాలి. ఆర్ఏసీ వస్తే ఆ సగం పడక కూడా ఉండదు, ఎదురుగా ఒక అపరిచితుడి మోకాళ్ళుంటాయి. నేనలా ఒకసారి వరంగల్ నుంచి విజయవాడ దాకా ఒక పెళ్ళిళ్ళ పేరయ్యగారి మోకాళ్ళ ఎదురుగా కూర్చున్నాను. నా గోత్రం, జీతం రెండూ రాసుకున్నారు.

అప్పర్ లో నిద్ర బాగా పడుతుంది, ఎవరూ లేపరు. కాకపోతే లైటు కళ్ళలో, ఏసీ అయితే చల్లగాలి నెత్తిన. తువ్వాలు ఒకటి కళ్ళ మీద కప్పుకుంటే సగం సమస్యలు పోతాయి. చెప్పులు ఫ్యాను మీద పెట్టే పాత అలవాటు ఇంకా నడుస్తోంది గానీ, కింద బెర్త్ వాళ్ళ మీద మట్టి రాలుతుందని ఒక్కసారి ఆలోచించండి.

ఈ బెర్తులు పంచే కంప్యూటరుకీ మన ఊరికీ ఒక సంబంధం ఉంది. 1980ల మధ్య దాకా రిజర్వేషన్ అంటే లావుపాటి రిజిస్టర్లు, చేతిరాత. తిరుగు ప్రయాణం బెర్త్ కావాలంటే అవతలి స్టేషనుకి టెలిగ్రాం వెళ్ళాలి. 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. కానీ ఒక్కో పెద్ద ఊరికీ ఒక్కో వ్యవస్థ, ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. వాటిని కలిపే కొత్త సాఫ్ట్‌వేరుని మొదట పెట్టింది సికింద్రాబాద్ లో, 1994 సెప్టెంబర్లో. దాని పేరు కన్సర్ట్. 1999 ఏప్రిల్ కల్లా ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ అయిదూ ఒక్కటయ్యాయి. ఎక్కడినుంచి ఎక్కడికైనా ఏ కౌంటర్లో అయినా టికెట్. ఫోర్ట్రాన్, సీ భాషల్లో రాశారు. మూడేళ్ళకో ఫ్రేమ్‌వర్కు మార్చే మా జాతి వాళ్ళు దానికొక దణ్ణం పెట్టుకోవాలి. ఇంట్లో కూర్చుని కొనే టికెట్ 2002లో వచ్చింది.

ఆ కంప్యూటరుకి లెక్క తెలుసు, మోకాళ్ళు తెలియవు. 2019లో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో తాతయ్యని హైదరాబాద్ తీసుకొచ్చాను. తిరిగి వెళ్ళేటప్పుడు తత్కాల్లో ఇద్దరికీ ఒకే టికెట్ మీద స్లీపర్ కొన్నాను. వచ్చినవి 43, 46. పైన లెక్క ప్రకారం చూసుకోండి, రెండూ అప్పర్లే. ఆయనకి ఎనభై ఒకటి. మగవాళ్ళకి అరవై, ఆడవాళ్ళకి నలభై ఐదు దాటితే లోయర్ కోటా ఉంది గానీ, అది పెద్దవాళ్ళు ఒంటరిగానో, ఇద్దరు పెద్దవాళ్ళు కలిసో వెళ్తేనే. నేను తోడు వెళ్తున్నానని నన్ను కూడా అదే టికెట్లో ఇరికించాను, అందులోనూ తత్కాల్. ఇంట్లో పెద్దవాళ్ళకి టికెట్ తీసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, ముందుగా తీయండి, వాళ్ళది వేరే టికెట్ గా తీయండి, మీది పక్కన ఇంకోటి.

కింద 41లో, 44లో నా వయసు కుర్రాళ్ళిద్దరు. తాతయ్యకి మోకాళ్ళ నొప్పి, మీరెవరైనా పైకి వెళ్తారా అని అడిగాను. ఒకతను చెవుల్లోవి తీయకుండానే తల అడ్డంగా ఊపాడు. రెండో అతను, రాత్రి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవాలి బ్రో అన్నాడు. టీసీ కోసం బోగీలన్నీ తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలయింది. వచ్చి చూస్తే తాతయ్య రెండు లోయర్ల మధ్య నేల మీద ఆ రోజు పేపరు పరుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకున్నారు. "లే తాతయ్యా, ఇదేంటి" అన్నాను. "నాకలవాటేరా, నువ్వు పైకెక్కి పడుకో" అన్నారు. కళ్ళు కూడా తెరవలేదు.

ఆ మాట విని ఛార్జింగ్ కుర్రాడే లేచి పైకి వెళ్ళాడు. అతని మీద నాకు కోపం చాలా ఏళ్ళు ఉండింది. పోయిన డిసెంబర్ దాకా.

చోటు పెంచే ప్రయత్నాలు కూడా జరిగాయి, అన్నీ బాగుపడలేదు. 2006లో లాలూ ప్రసాద్ హయాంలో గరీబ్ రథ్ వచ్చింది, సైడ్ లో కూడా మూడో బెర్త్ తో. తర్వాత అదే తెలివిని మామూలు స్లీపర్లకీ పూశారు. 72 కాస్తా 81 అయింది. కాగితం మీద బోగీకి తొమ్మిది టికెట్ల లాభం. సైడ్ మిడిల్ లో పడుకున్నవాళ్ళు మా బాబాయి లాంటివాళ్ళు ఇప్పటికీ చెప్తారు, పక్కకి దొర్లితే ముక్కు పైచెక్కకి తగిలేదని. పగలు కూర్చోడానికి కూడా తల ఎత్తే చోటు లేదు. జనం గగ్గోలు పెట్టారు. 2009లో మమతా బెనర్జీ మంత్రిగా ఉండగా స్లీపర్లలో తీసేశారు. గరీబ్ రథ్ లో మాత్రం చాలాకాలం ఉండిపోయింది. మనిషి శరీరానికి ఒక కొలత ఉందని, దానికన్నా కిందికి వెళ్తే అది చోటు కాదు అర అని అప్పుడు తేలింది.

దుప్పట్ల సంగతికొస్తే, 2016లో రాజ్యసభలో రైల్వే సహాయమంత్రే చెప్పారు, ఏసీ బోగీల్లో ఇచ్చే కంబళ్ళు రెండు నెలలకోసారి ఉతుకుతారని. తర్వాత అది నెలకోసారి అయింది. ఇంటినుంచి ఒక దుప్పటి తెచ్చుకుని కంబళికీ మీకూ మధ్య వేసుకోండి, అంతకన్నా ఏం చెప్పను. కోవిడ్ వచ్చి 2020 మార్చిలో ఆ దుప్పట్లూ ఆపేశారు, మళ్ళీ ఇచ్చింది 2022 మార్చిలో. ఆ రెండేళ్ళూ ఏసీలో వెళ్ళేవాళ్ళు కూడా పూర్వకాలంలా పక్కబట్టలు మోసుకెళ్ళారు. 2021లో తాతయ్య దినాలకి నేనలాగే వెళ్ళాను, ఆయన హోల్డాలు నాన్న ఎప్పుడో పారేశారు గనక సంచీలో కుక్కుకుని.

ఒక్క విషయం మాత్రం సరదాగా తీసుకోకండి. 2024 జూన్లో ఎర్నాకుళం నుంచి నిజాముద్దీన్ వెళ్ళే మిలీనియం ఎక్స్‌ప్రెస్ తెలంగాణలో వెళ్తుండగా, పైనున్న బెర్త్ ఊడిపడి కింద పడుకున్న ప్రయాణికుడు చనిపోయాడు. బెర్త్ పాడవలేదు, గొలుసు సరిగ్గా తగిలించలేదు అని రైల్వే చెప్పింది. కొక్కెం కన్నంలో పూర్తిగా దిగిందో లేదో చేత్తో లాగి చూడండి, మీరు పైనున్నా కిందున్నా. ఆ రాత్రి నేను పది కాకుండానే గొలుసులు తగిలించిన తొందరలో అలా లాగి చూడలేదు. కింద ఆయన తింటున్నారు.

దిగాల్సిన చోట మెలకువ రావడం ఇంకో విద్య. ఇప్పుడు 139కి చెబితే స్టేషన్ రాకముందే ఫోన్ చేసి లేపుతారు. మా వైపు వాళ్ళకి ఆ అవసరం లేదు, గోదావరి ఉంది. నేల మీద వెళ్ళే రైలు చప్పుడు వేరు, వంతెన మీద వేరు. ఆ బోలు చప్పుడు మొదలవగానే బోగీలో సగంమంది లేచి కూర్చుంటారు, కళ్ళు మూసుకునే రూపాయి బిళ్ళలు విసిరేవాళ్ళూ ఉంటారు. 1900లో హేవ్‌లాక్ వంతెన వచ్చేదాకా అక్కడ అందరూ రైలు దిగి నదిని దాటాల్సిందే. అది 1997లో విశ్రాంతి తీసుకుంది. 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన మీదుగానూ, తర్వాతి ఆర్చి వంతెన మీదుగానూ ఇప్పుడు వెళ్తాం. రెండిటి చప్పుడూ వేరని నాన్న అంటారు. నాకింకా తెలియదు.

ఆ రోజు కూడా గోదావరికే లేచాను. బెర్త్ దించి, పెద్దాయనకి టీ చెప్పి, "రాత్రి సారీ అంకుల్" అన్నాను. "దానికేముంది బాబూ, నీకు నిద్ర పట్టిందా?" అన్నారు. పట్టలేదని చెప్పలేదు. ఆయన రాజమండ్రిలో దిగిపోయారు.

నేను సామర్లకోటలో దిగాను. బయటికి వెళ్ళే దారి జనరల్ బోగీ పక్కనుంచే. 90 మంది కూర్చునే పెట్టె అది. లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టే వీల్లేదు. తలుపు దగ్గర మెట్ల మీద ఒకతను తల మోకాళ్ళలో పెట్టుకుని నిద్రపోతున్నాడు. కిటికీలోంచి చూస్తే, సామాన్లు పెట్టే పలకలు రెండిటి మధ్యా ఎవరో దుప్పటి ఉయ్యాలలా కట్టారు. అందులో ఒక మనిషి పడుకుని ఉన్నాడు. ఉయ్యాల కింద అరడజను తలలు. రైలు కదిలితే మెల్లగా ఊగింది.